టీచరమ్మ దుకాణం

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో, బడి కొలువు వదిలి పిల్లల బట్టలు, బూట్లు, పలకలు అమ్ముకుంటున్న ఒక టీచరమ్మ చేతుల్ని చూస్తూ నిలబడిపోతాను. జూన్‌లో బళ్లు తెరిచే వేళ దుకాణమంతా తోపులాట. ఆమె మాత్రం చిన్న పీట మీద కూర్చుని, పిల్లవాడి కళ్లలోకి సూటిగా చూస్తుంది. "ఏ క్లాసు బిడ్డా?" అని అడిగేది వాణ్నే, అమ్మను కాదు. సాక్సు కాలికి తొడగదు; అరికాలి భాగాన్ని వాడి పిడికిలి చుట్టూ తిప్పుతుంది, మడమా మునివేళ్ల అంచూ కలిస్తే సరిపోయినట్టే. గుండీ పెట్టిన నిక్కరు నడుముపట్టీ మెడ చుట్టూ అందుతుందేమో చూస్తుంది. బూటు తొడిగి నిలబెట్టి, ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి, "ఇంత జాగ ఉండాలె అమ్మా, కాలు పెరుగుతది గదా" అంటుంది. గౌను తిరగేసి అంచులో మడత ఎంతుందో చూపిస్తుంది. పిల్ల పొడుగైతే కుట్టు విప్పి దించుకోవచ్చు. నాకు అన్నిటికన్నా ఇష్టం ఆమె పెన్సిల్ అమ్మే తీరు. ముందు చిత్తుకాగితం మీద రాయమంటుంది. వేళ్లు బిగుసుకుంటే మూడంచుల లావుపాటి పెన్సిల్ తీసిస్తుంది. మొన్న ఒక పాప ఎడమచేత్తో పట్టుకుంటే తల్లి చెయ్యి మార్చబోయింది. టీచరమ్మ కళ్లతోనే ఆపింది. ఆ పాప తన పేరు మొత్తం రాసేదాకా వెనకున్న మేమెవ్వరం తొందరపెట్టలేదు.