పేరు ఒక ఏటిది, నీళ్లు ఇంకో ఏటివి

హెమింగ్వే కథ ‘బిగ్ టూ-హార్టెడ్ రివర్’ చేత్తో పట్టుకుని మిషిగన్ ఉత్తర ద్వీపకల్పం పటం చూస్తే దారి కుదరదు. కథానాయకుడు నిక్ రైలు దిగేది సీనీ అనే ఊళ్లో. అక్కడ పారేది ఫాక్స్ నది. దక్షిణానికి దిగి మనిస్టీక్ నదిలో కలిసి మిషిగన్ సరస్సు చేరుతుంది. అసలు టూ-హార్టెడ్ ఏరు ఉత్తరాన సుపీరియర్ సరస్సులో పడుతుంది. 1919లో హెమింగ్వే ఇద్దరు స్నేహితులతో చేపలు పట్టింది ఫాక్స్‌లోనే. ఆ పేరులోని కవిత్వం కోసం తెలిసే మార్చానని తర్వాత చెప్పాడు.

పేరు అరువుదే అయినా నీళ్లు మాత్రం కళ్లారా చూసినవి. వంతెన మీంచి నిక్ చూసే దృశ్యం నేనెన్నిసార్లు చదివానో! లకుముకిపిట్ట ఏటి మీదుగా ఎగిరిపోతుంది. పెద్ద ట్రౌట్ ఒకటి ఎదురీదుతూ దూసుకొస్తుంది, కనబడేది దాని నీడే. చేప నీళ్లపైకి ఎగిరి ఎండ సోకగానే నీడ మాయం. మునిగాక మళ్లీ నీడ, వాలుకి జారుతూ వంతెన కిందికి వస్తుంది. అక్కడ చేప ప్రవాహానికి ఎదురుతిరిగి బిగుసుకుని నిలబడుతుంది. నీటి వడి, లోతు, ఎండ అన్నీ ఆ ఒక్క నీడలోనే తెలిసిపోతాయి.

సీనీ కాలిపోయి ఉంటుంది. ఆ మసినేల మీద మిడతలు కూడా నల్లబడ్డాయి. నిక్ ఒకదాన్ని రెక్కలు పట్టుకుని తిప్పి కడుపు చూసి, ఇంకెన్నాళ్లు ఇలా ఉంటాయోననుకుని వదిలేస్తాడు. ఇటలీలో 1918లో యుద్ధంలో గాయపడ్డ మనిషి రాసిన కథ ఇది. యుద్ధం అన్న ఊసే ఇందులో లేదు. ఆ నల్ల మిడత చాలు. చిన్న ట్రౌట్‌ను గాలం నుంచి విడిపించే ముందు నిక్ చెయ్యి తడుపుకుంటాడు, పొడిచెయ్యి తగిలితే దాని ఒంటి జిగురు పోయి బూజు పడుతుందని. ఆ జాగ్రత్త ఎవరి కోసమో వేరే చెప్పాలా?

చివర్లో రచన గురించి నిక్ ఆలోచనలు కొన్ని పేజీలు ఉండేవి. 1925లో అచ్చుకాకముందే హెమింగ్వే వాటిని కోసేశాడు. ఆయన పోయాక 1972లో వెలుగు చూశాయి. ఆ కోత వల్లే కథ ఏటితోనే ఆగింది. దిగువన ఏరు దేవదారు చెట్ల చిత్తడిలోకి దూరుతుంది. కొమ్మలు కిందికి వంగి, ఎండ పడని లోతు నీళ్లు. నిక్ ఆ రోజుకి అందులో దిగడు. గట్టెక్కి గుడారం వైపు నడుస్తూ వెనక్కి చూస్తాడు. చెట్ల సందుల్లోంచి ఏరు కొద్దిగా కనిపిస్తుంటుంది.