కాచిగూడ గుమ్మటాలు ఎవరివి?

గుడిబండోళ్లం హిందూపురంలో రైలెక్కి కాచిగూడలో దిగుతాం. ఏడో నిజాం కాలంలో, 1916లో కట్టిన స్టేషనది. గుమ్మటాలు, మినార్లు. దాన్ని చూసి కొందరు 'నవాబుల వైభవం' అంటారు, కొందరు 'బానిసత్వపు గుర్తు' అంటారు. రెండు మాటల్లోనూ ముస్లిమంటే నవాబే.

ఈ లెక్క మేమొప్పుకోం. 1800లోనే నిజాం మా సీమను కుంపిణీకి రాసిచ్చేశాడు. మా దూదేకులకు, కూలీలకు ఆ నవాబీలో వాటా లేదు. నిందలో మాత్రం వాటా పంచుతున్నారు.

ఆ రైల్వే పేరే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఇంగ్లీషు కంపెనీ పెట్టుబడికి వడ్డీ పూచీ నిజాం ఖజానాది. ఖజానా నింపింది రైతుల శిస్తు. శిస్తుకు మతమేది? 1930లో సంస్థానం ఆ రైల్వేను కొన్నదీ ఆ ఖజానాతోనే.

2018లో మొఘల్‌సరాయ్ స్టేషన్ పేరు మార్చారు. పేరు చెరిపితే పాత అన్యాయాలు చెరిగిపోవు. అడిగే వీలు పోతుంది. అందుకే కాచిగూడ నిలవాలి. నిజాం పేరు పక్కనే శిస్తు కట్టినోళ్ల, రాళ్లు మోసినోళ్ల మాటా రాయాలి. అది రాయకుండా గోడలకు సున్నం కొట్టి వారసత్వాన్ని కాపాడామంటే మేం నమ్మం.