రాసేవాళ్లను కలిపేవాళ్లు

శ్రీశ్రీ తొలి పుస్తకం ‘ప్రభవ’ 1928లో విశాఖపట్నంలో, కవితా సమితి ప్రచురణగా వచ్చింది. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు. ఆ కుర్రాడి పద్యాలు విని, అచ్చుదాకా తెచ్చిన మనుషులంటే నాకు ఎంతో గౌరవం. వాళ్లలో పురిపండా అప్పలస్వామి ఒకరు. సొంత రాతలతో ఆగక, ఒడియాలో గోపీనాథ్ మహంతి రాసిన ‘అమృత సంతానం’ నవలను తెలుగులోకి తెచ్చి, పొరుగు రచయితనూ మన పంక్తిలో కూర్చోబెట్టారు.

ఆ పని ఈ ఊళ్లో నేటికీ సాగుతోంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సాయంత్రం సాహిత్య సభ అంటే నిర్వాహకుడికి పొద్దుటినుంచే పని. స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగి కూర్మన్నపాలెం నుంచి బస్సులో వచ్చే కవికి వేళ కుదరాలి. మైకు చూడాలి, టీ చెప్పాలి. మొదటిసారి కథ చదివే అమ్మాయి చేతిలో కాగితం వణుకుతుంటే, “నెమ్మదిగా చదవమ్మా, తొందరేం లేదు” అనాలి. పెద్దాయన ప్రసంగం అరగంట దాటితే నొప్పించకుండా చీటీ అందించాలి; అన్నిటికన్నా కష్టమైన విద్య ఇదే. మర్నాడు రానివాళ్లకు ఫోన్ చేసి, “ఏమండీ, ఒంట్లో బాగుందా? వచ్చే నెల మీ కథే” అని గుర్తుచేసేదీ ఆ నిర్వాహకుడే.