యాభై ఒకటో సెరిన్

చెట్టు దించిన కల్లు ఎండెక్కేసరికి నురగలు కక్కుతుంది. అందులో ఈస్ట్ చెయ్యి ఉంది. బేకరీలో బ్రెడ్డు పొంగేదీ దానివల్లే. (ఇడ్లీ పిండి కథ వేరు, అక్కడ పెద్దరికం బ్యాక్టీరియాది.) తినేవాళ్లకూ తాగేవాళ్లకూ ఆపాటి తెలిస్తే చాలు. ప్రయోగశాలల్లో మాత్రం ఈ ఏకకణ జీవి చుట్టూ దాదాపు తొంభై ఏళ్లుగా ఒక విద్య పెరిగింది. పుస్తకం చదివితే వచ్చేది కాదు, చేతికి రావాల్సిన విద్య.

1930లలో కోపెన్‌హాగన్‌లో, బీరు కంపెనీ నెలకొల్పిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఓయ్‌విండ్ వింగె ఈ విద్యకు పునాది వేశాడు. జత కట్టిన ఈస్ట్‌కు తిండి తగ్గిస్తే ఒక్కో కణం తిత్తిలా మారి, లోపల నాలుగు సిద్ధబీజాలను దాచుకుంటుంది. ఆ తిత్తి గోడను కరిగించడానికి చాలాకాలం నత్త కడుపులోని జీర్ణరసం వాడారు. ఆ తర్వాత సూక్ష్మదర్శినిలో చూస్తూ, సన్నని గాజు సూదితో నాలుగింటినీ విడదీసి వరుసగా నాటాలి. చెయ్యి వణికితే పని చెడుతుంది. ఒక జన్యువులో తేడా ఉంటే మొలిచిన నాలుగింటిలో రెండు ఒక తీరు, రెండు మరో తీరు. మెండెల్ బఠాణీలను వేలల్లో లెక్కపెట్టి రాబట్టిన సంగతి ఇక్కడ ఒక్క తిత్తిలోనే కనిపిస్తుంది. 1970లో జెరాల్డ్ ఫింక్, ఫ్రెడ్ షెర్మన్ అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో వేసవి తరగతులు మొదలుపెట్టాక ఈ చేతిపని తరం నుంచి తరానికి అందుతూ వచ్చింది.

ఇంత శ్రమ దేనికి? ప్రోటీన్ల తయారీనే తీసుకుందాం. తయారుచేసే రైబోసోమ్‌లోనూ చాలా ప్రోటీన్లున్నాయి, దానికి తోడుండే కారకాలైతే చాలావరకు ప్రోటీన్లే. వాటి మీద అక్కడక్కడా చిన్న రసాయన అతుకులు పడుతుంటాయి: ఫాస్ఫేటో, మిథైలో, ఎసిటైలో. నేటి యంత్రాలు అలాంటి అతుకులను వేలల్లో పట్టి చూపిస్తాయి. కానీ ఉన్నదని తెలియడం వేరు, దేనికున్నదో తెలియడం వేరు. రైబోసోమ్‌లోని ఎస్6 ప్రోటీన్ మీద ఫాస్ఫేట్లు చేరడం చూసి, ఉత్పత్తిని నడిపేది ఇదేనని చాలామంది ఆశపడ్డారు. 1987లో జొనాథన్ వార్నర్ ప్రయోగశాల ఈస్ట్‌లో ఆ ఫాస్ఫేట్ పడే చోట్లను మార్చేసింది. ఈస్ట్ ఏమీ పట్టనట్టు పెరిగింది! నా లెక్కలో ఇది ఓటమి కాదు. కాదని మొహమాటం లేకుండా చెప్పించగలగడమే ఈ విద్య గొప్పతనం.

అవునని చెప్పిన సందర్భం ఇంకా రసవత్తరం. అమైనో ఆమ్లాలకు కరువొస్తే ఈస్ట్ మొత్తం ఉత్పత్తి తగ్గించి, జీసీఎన్4 అనే ఒక ప్రోటీన్‌ను మాత్రం ఎక్కువ చేస్తుంది. అమైనో ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకునే జన్యువులను తట్టి లేపేది అదే. అందరికీ కోత పడుతున్నప్పుడు అదొక్కటే ఎలా పెరుగుతుంది?

పల్లెవెలుగు బస్సును తలుచుకోండి. కండక్టర్ లేనిదే స్టాపులో ఆగదు. రైబోసోమ్ బస్సు, ఈఐఎఫ్2 అనే కారకం కండక్టర్. జీసీఎన్4 తయారీకి రైబోసోమ్ చదివే ఆర్‌ఎన్‌ఏ సందేశంలో అసలు ఊరికి ముందు నాలుగు చిన్న స్టాపులున్నాయి. మొదటి దాంట్లో కండక్టర్ దిగిపోతాడు, చాలా బస్సులు ముందుకే సాగుతాయి. కండక్టర్లు దండిగా ఉన్న రోజుల్లో వెంటనే ఇంకొకడు ఎక్కి, మిగిలిన చిన్న స్టాపుల్లో ఒకచోట బస్సు ఆపేస్తాడు. ట్రిప్పు అక్కడితో సరి. కరువు రోజుల్లో బస్సు కండక్టర్ లేకుండానే వాటిని దాటేసి, అసలు ఊరు దగ్గరపడ్డాక ఒకణ్ని ఎక్కించుకుంటుంది. కండక్టర్ల కొరతే దాన్ని ఊరు చేరుస్తుంది.

ఆ కొరతను పుట్టించేది ఒక్క ఫాస్ఫేట్. మోయడానికి అమైనో ఆమ్లం దొరక్క ఖాళీగా తిరిగే టీఆర్‌ఎన్‌ఏలను పసిగట్టే జీసీఎన్2 ఎంజైమ్, ఈఐఎఫ్2లో 51వ స్థానంలోని సెరిన్ అనే అమైనో ఆమ్లం మీద దాన్ని అతికిస్తుంది. అతుకు పడ్డ ఈఐఎఫ్2, తనను మళ్లీ డ్యూటీకి పంపాల్సిన ఈఐఎఫ్2బీని గట్టిగా పట్టుకుని వదలదు. ఈఐఎఫ్2బీ కణంలో తక్కువే కాబట్టి కొద్ది అతుకులకే డిపో అంతా స్తంభిస్తుంది. ఆ ఫాస్ఫేట్ వచ్చేది ఏటీపీ నుంచి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి వెలికితీసిన ఏటీపీయే అది.

దీన్ని రుజువు చేయాలంటే 51వ సెరిన్‌ను మార్చాలి. కానీ ఈఐఎఫ్2 లేకపోతే కణం బతకదు. కొత్త దూలం దన్ను పెట్టి పాతది లాగేసినట్టు, మార్చిన జన్యువును ముందు లోపలికి పంపి, అసలుదాన్ని తర్వాత తప్పించారు. పాతది మోసే చిన్న డీఎన్‌ఏ వలయమైన ప్లాస్మిడ్‌ను వదులుకోని కణాలను ఫ్లోరో ఒరోటిక్ ఆమ్లం చంపేస్తుంది. మిగిలినవాటిని పదో వంతు, వందో వంతు పలచన చేస్తూ, హిస్టిడిన్ తయారీని అడ్డుకునే అమైనోట్రయజోల్ కలిపిన పళ్లెం మీద ముగ్గు చుక్కల్లా వరసగా పెట్టి చూస్తారు. 1992లో అలన్ హిన్నెబుష్ బృందం ఫలితం ప్రకటించింది. సెరిన్ స్థానంలో అలనిన్ పెడితే ఫాస్ఫేట్ పడే చోటే లేదు, కరువు వచ్చినా జీసీఎన్4 పెరగలేదు. ఫాస్ఫేట్‌లాగే రుణావేశం ఉండే ఆస్పార్టిక్ ఆమ్లం పెడితే, జీసీఎన్2 లేకపోయినా పెరిగింది.

అన్ని అతుకులూ ఇలా వేసి తీసేవి కావు. ఈఐఎఫ్5ఏలోని ఒక లైసిన్, స్పెర్మిడిన్ ముక్కను కలుపుకుని హైప్యూసిన్‌గా మారుతుంది. అది మరే ప్రోటీన్‌లోనూ లేదు. దాన్ని మొదలుపెట్టే ఎంజైమ్ లేకపోతే ఈస్ట్ చస్తుంది. వరసగా ప్రోలిన్లు వచ్చినచోట రైబోసోమ్ ఇరుక్కోకుండా ఈఐఎఫ్5ఏ సాయపడుతుందని 2013లో తేలింది.

మళ్లీ ఈఐఎఫ్2బీ దగ్గరికి వద్దాం, ఈసారి మనుషుల్లో. మెదడులోని తెల్లపదార్థం క్షీణించే ఒక పిల్లల జబ్బుకు మూలం ఈఐఎఫ్2బీ జన్యువుల్లోని లోపాలేనని 2001లో బయటపడింది. జ్వరమొచ్చినా, తలకు చిన్న దెబ్బ తగిలినా ఆ పిల్లల పరిస్థితి ఒక్కసారిగా దిగజారుతుంది. ఈస్ట్ విద్య నేర్చినవాళ్లకు ఆ జన్యువులు అప్పటికే పాత పరిచయం. రోగుల్లో కనిపించిన మార్పులను ఈస్ట్ జన్యువుల్లోకి దించి, మళ్లీ అదే పళ్లెం తీసి, అవే చుక్కలు పెట్టారు.