కళాయి పూత, బ్యాటరీ ప్లేటు

తునిలో మా ఇంటి మెట్ల కింద రెండు బ్యాటరీలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఇన్వర్టర్‌ది. నెత్తిన ఆరు మూతలు, వేసవిలో డిస్టిల్డ్ వాటర్ అడుగుతూనే ఉంటుంది. రెండోది మోటార్‌సైకిల్ నుంచి విప్పిన సీలు బ్యాటరీ. పనిచేసిన నాలుగేళ్లూ దానికి చుక్క నీళ్లు పోసిన పాపాన పోలేదు. రెండింటిలోనూ సీసమే, ఆమ్లమే. ఈ తేడాలో తగరానికీ ఒక చెయ్యి ఉంది.

సీసం ఒట్టిది మరీ మెత్తన. ప్లేటు గట్టిపడాలని ఆంటిమొనీ కలిపారు. ట్యూబులర్ బ్యాటరీల్లో ఇప్పటికీ కొద్దిగా ఉంటుంది. అది నెమ్మదిగా ధన ప్లేటు నుంచి కరిగి రుణ ప్లేటుకు చేరి, నీటిని వాయువులుగా విడగొట్టిస్తుంది. మూతలు తీసి నీళ్లు పోయడం అందుకే. ఆంటిమొనీ బదులు కాల్షియం పెట్టి చూశారు. నీళ్ల బాధ తగ్గింది గానీ, ఒకసారి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మళ్లీ ఛార్జింగ్ పట్టడం మానేసింది. ప్లేటుకూ దాని మీద మెత్తిన పేస్టుకూ మధ్య కరెంటును దాటనివ్వని పొర పేరుకునేది. ధన ప్లేటులో నూటికి సుమారు ఒక వంతు తగరం కలిపాక ఆ పొరే కరెంటుకు దారి ఇచ్చింది.

నాకిది కళాయి పనిలా కనిపిస్తుంది. చిన్నప్పుడు వీధిలో గొయ్యి తీసి, తిత్తి ఊది, ఇత్తడి గిన్నె కాగాక నవాసారం చల్లి, తగరం తాకించి దూదితో ఒక్క చుట్టు తిప్పేవాడు కళాయివాడు. నల్లటి గిన్నె లోపల వెండి మెరుపు! 232 డిగ్రీలకే కరిగే లోహం కాబట్టి ఆ వీధి కొలిమే చాలింది. గిన్నె ఇత్తడిదే, చారును కిలుము నుంచి కాపాడేది మాత్రం ఆ పూత.

లిథియం బ్యాటరీలో తగరాన్ని ఏకంగా కథానాయకుణ్ణి చేయబోయారు. గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు దాస్తే, తగరం లెక్క ప్రకారం దాదాపు 990 దాస్తుంది. కాగితం మీద దానికి ఎదురులేదు. కానీ లిథియాన్ని మింగిన తగరం మూడున్నర రెట్లు ఉబ్బుతుంది, కక్కితే ముడుచుకుంటుంది. కొన్నాళ్లకు పగిలి పొడవుతుంది. 1997లో జపాన్ ఫ్యూజీ ఫోటో ఫిల్మ్ పరిశోధకులు తగరపు ఆక్సైడ్‌ను ముందుకు తెచ్చారు. 2005లో సోనీ తగరానికి కోబాల్ట్, కార్బన్ జోడించి నెక్సెలియాన్ పేరుతో క్యామ్‌కార్డర్ బ్యాటరీ అమ్మింది. అంత సాయం పట్టినా, అదే పరిమాణంలో దక్కిన లాభం 30 శాతం. మెచ్చుకోదగ్గ ప్రయత్నమే, కానీ రాజ్యం గ్రాఫైట్ చేతిలోనే ఉండిపోయింది.

తిరుపతి పక్కన కరకంబాడిలో సీసం బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా, 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం కర్మాగారానికి పునాది వేసింది. సీసం నుంచి లిథియానికి మారితే తగరం పని తీరిపోతుందని కొందరంటారు. నేనొప్పుకోను. లిథియం ప్యాక్‌ను కాపలా కాసే సర్క్యూట్ బోర్డు మీద ప్రతి టంకం చుక్కలోనూ ఉన్నది ప్రధానంగా తగరమే. నాయకుడి వేషం నప్పలేదు, పూత వేషం ఎక్కడా తప్పలేదు.

నా ఓటు మోటార్‌సైకిల్ బ్యాటరీలోని ఆ ఒక్క శాతానికే. మీ ఇంట్లో ఉన్నది ఆరు మూతల బ్యాటరీ అయితే మాత్రం, ఎండలు ముదరకముందే ఓసారి తీసి నీళ్లు చూసుకోండి.