కొండ నడకకు వేళే గొడుగు

మా మేనల్లుడు స్నేహితులతో కలిసి వీపున సంచులు తగిలించుకుని, నడివేసవిలో లంబసింగి నుంచి తాజంగి జలాశయానికి నడిచి వెళ్లొచ్చాడు. ఈ వారం ఫోన్‌లో చూపించిన వీడియోలో గట్టంతా తెల్లగా మెరుస్తోంది. ‘‘మావయ్యా, ఎండాకాలంలో మంచు పడింది!’’ అన్నాడు. పడింది వడగళ్లు. చలికాలంలో లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దాకా దిగి గడ్డి మీద మంచు పేరుకోవడం ఉంది కానీ, తూర్పు కనుమల్లో హిమపాతం లేదు. అయినా వాడి సంబరం చూసి నా కడుపు నిండింది. కారు దిగి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు ఈ భాగ్యం దక్కదు.

ఈసారి వానకోట్లు, టెంటు, స్వెట్టర్లు అన్నీ మోసుకెళ్తారట. ఈ శీర్షిక చదివేవారికి నా పాత పాట తెలుసు: కొండెక్కేవాడి సంచి తేలిగ్గా ఉండాలి. నీళ్లు, తువ్వాలు, అటుకులు, బెల్లం, ఒక దుప్పటి. కానీ నెత్తిన రాళ్లు పడుతుంటే తువ్వాలు ఏం ఆపుతుంది?

ఒకప్పుడు పాడేరు కొండల్లో నాకూ ఇదే ఎదురైంది. మాడు పగిలే ఎండ. ఊరి చివర ఒక ముసలమ్మ ఆరబోసిన చింతపండు గబగబా చాపలోకి ఎత్తుతోంది. ‘‘కొండెనక నల్లబడతాంది. రాళ్లవాన వచ్చేలాగుంది, లోపలికి రా బాబూ’’ అంది. నా కళ్లకు ఆకాశం నిర్మలంగానే ఉంది. కాసేపటికే పెంకులు దడదడలాడాయి. ఆమె ఇచ్చిన చోడంబలి తాగుతూ, గడపలోకి దొర్లిన ఒక రాయిని పగలగొట్టి చూశాను. లోపల ఒక పొర పాలతెలుపు, ఒక పొర గాజులా స్వచ్ఛం. నీరు గభాలున గడ్డకడితే గాలి చిక్కుకుని తెల్లబడుతుంది, నెమ్మదిగా గడ్డకడితే స్వచ్ఛంగా ఉంటుంది. మబ్బులో కిందా మీదా పడిన ప్రయాణమంతా అందులో ఉంది. వాన వెలిశాక ఆమె మామిడి చెట్టు కింద రాలిన పిందెలన్నీ తట్టలోకి ఏరుకుంది. ఆ ఏటి కాపు అంతే.

ఆ మబ్బును కట్టేది ఎండే. పొద్దుటి నుంచీ కాగిన నేల మీది వేడిగాలి, సముద్రం నుంచి వచ్చే తేమను మోసుకుని కొండవాలు వెంట పైకి లేస్తుంది. నాలుగైదు కిలోమీటర్ల ఎత్తు దాటితే చినుకు గడ్డకడుతుంది. అందుకే వేసవిలో ఈ వానలు ఎక్కువగా మధ్యాహ్నం తిరిగాకే వస్తాయి. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, వడగళ్లు కరిగేందుకు దొరికే దూరమూ తక్కువే.

కాబట్టి సంచి తేలికా బరువా అన్నది రెండో ప్రశ్న. మొదటిది వేళ. టెంటు పిడుగును ఆపదు. పైగా కోటు ఉందన్న ధైర్యంతో మూడింటిదాకా గట్టు మీదే కూర్చుంటాం. ఆ వేళ తెలిసేది ఇక్కడివాళ్లకే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా పడిన అల్లూరి సీతారామరాజు దళానికి అండ ఈ దారులూ ఈ వానలూ తెలిసిన మన్యం మనుషులే.

మేనల్లుడికి చెప్పింది ఇదే. తెల్లవారకముందే బయల్దేరు. దామిని యాప్‌లో పిడుగుల హెచ్చరిక చూసుకో, అంతకంటే ముందు ఊళ్లో పెద్దవాళ్లను అడుగు. జలాశయం కనుచూపు మేరలో ఉన్నా సరే, మబ్బు లేస్తే వెనక్కి తిరుగు. రెండు కొట్టేసరికి చెట్టు కింద కాదు, ఇంటి కప్పు కింద ఉండాలి. ఆ తర్వాత కోటు పెట్టుకుంటావో లేదో నీ ఇష్టం.