పదో నంబరు నుంచి పైకి

పది పాటలు ఒకదాని తరవాత ఒకటి వేస్తే పాటల కార్యక్రమం అవుతుంది. వాటికే నంబర్లు తగిలించి, పదో దానితో మొదలుపెట్టి ఒకటో దానితో ముగిస్తే కౌంట్‌డౌన్ అవుతుంది. నంబరు తగలగానే ఇంట్లో తగువు మొదలవుతుంది. "ఆ పాటకి ఆరో స్థానమా?" అని తాతయ్య, "అసలది లిస్టులోకి ఎలా వచ్చింది?" అని మనవరాలు. ఒకటో నంబరు తేలేదాకా ఎవరూ రేడియో కట్టేయరు. ఈ ప్రక్రియకు పెట్టుబడి ఆ తగువే.

అమెరికాలో 1935లో 'యువర్ హిట్ పరేడ్'తో ఇది ఊపందుకుంది. మన దేశానికి సముద్రం దాటి వచ్చింది. 1952లో కేంద్ర సమాచార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే చిన్నచూపు. ఆకాశవాణిలో సినిమా పాట పలచబడింది, శ్రోతలు రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. ఆ ఏడాది డిసెంబరు 3న అక్కడ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. బొంబాయిలో దాని వ్యాఖ్యాత అమీన్ సయానీ గొంతు రికార్డు చేసి, ఆ టేపులు కొలంబోకు విమానంలో పంపేవారు. మొదట్లో అది కౌంట్‌డౌన్ కాదు. ఏడు పాటలు వేసి, వాటిని వరుసలో పెట్టి రాయమని శ్రోతలకే పోటీ పెట్టారు. బహుమతి వంద రూపాయలు. ఉత్తరాలు వారానికి 65 వేలదాకా పెరిగాయి. అన్ని ఉత్తరాలు విప్పి లెక్కపెట్టడం ఎవరి తరం? అందుకే 1954 నుంచి రికార్డుల అమ్మకాలు చూసి కార్యక్రమంవాళ్లే స్థానాలు ఇవ్వడం మొదలుపెట్టారు. పారిపోయిన శ్రోతలను వెనక్కి రప్పించడానికి ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించవలసి వచ్చింది. సిలోన్ నుంచే తెలుగు పాటలూ వచ్చేవి. అక్కడి అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు మన పెద్దవాళ్లకు ఇంకా గుర్తు.

వారం వారం వచ్చే కౌంట్‌డౌన్ ఒక రకం. ఒకే బృందం పాటల్లో మేటి పది ఎంచి, గంటసేపు ప్రత్యేక కార్యక్రమం చేయడం ఇంకో రకం. అది ఇంకాస్త కష్టం.

మన వైపు బృందం ఏది?

పడమటి దేశాల్లో ఈ పనికి ముడిసరుకు సిద్ధంగా ఉంటుంది. 1964 ఏప్రిల్ 4 నాటి అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ పట్టీలో మొదటి ఐదు స్థానాలూ బీటిల్స్ బృందానివే. ఏ పాట ఎన్ని వారాలుంది, ఎంత ఎత్తుకు ఎక్కింది అన్నది అచ్చులో ఉంది. కూడికలు వస్తే చాలు, సగం పని అయిపోయినట్టే.

తెలుగులో ఆ కాలానికి పాప్ బృందాలూ లేవు, అలాంటి వారపు పట్టీలూ లేవు. మన పాట సినిమాలో పుట్టింది. రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు కలిస్తేనే అది పాట. కాబట్టి మనకు బృందమంటే కలిసి పనిచేసిన జంటే. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో కూర్చుని అలాంటి ప్రత్యేక కార్యక్రమం చేయాలంటే దూరం వెళ్లక్కర్లేదు. బాపట్ల పక్కన అప్పికట్లలో 1905లో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరి ఉన్నారు. పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరులో 1922లో పుట్టిన మాధవపెద్ది సత్యం ఉన్నారు. ఒకరిది కలం, ఒకరిది గళం. 'ఇల్లరికం' (1959)లో ఇల్లరికపు అల్లుడి దర్జాను ఆటపట్టించిన పాట, 'కులగోత్రాలు' (1962)లో పేకాట పాట, 'రాముడు భీముడు' (1964)లో సిగరెట్టు మీద వాదులాట పాట ఈ ఇద్దరూ కలిసినవే. జల్సా, వెటకారం, చివర్లో ఓ చురక ఈ మూడింటికీ ఉమ్మడి గుణం. వాడరేవు ఒడ్డు నుంచి తెనాలి బజారుదాకా ఎవరికీ వీటిని పరిచయం చేయక్కర్లేదు.

ముందు నియమం, తరవాత పాట

పాటలు ఎంచడానికి ముందే ఏ పాటకు పోటీలో చోటుందో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. మనది ఇది: 'కొసరాజు రాసి, మాధవపెద్ది గొంతు వినిపించిన పాట.' చూడ్డానికి తేలిక వాక్యమే, కానీ దాని దెబ్బ గట్టిది. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడి భోజనం పాట మాధవపెద్ది పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది. కానీ రాసింది పింగళి నాగేంద్రరావు, కనుక పోటీలో లేదు. 'రోజులు మారాయి' (1955)లో ఏరువాక పాట కొసరాజుకు ఊరూరా పేరు తెచ్చింది. పాడింది జిక్కి, అదీ లేదు. 'తోడికోడళ్ళు' (1957)లో కష్టజీవుల పాట ఘంటసాల, సుశీలలది. అదీ బయటే.

ఇక్కడే చాలామంది చేయి జారుతుంది. "అంత గొప్ప పాట వదిలేస్తే ఎలా?" అని నియమాన్ని సడలిస్తారు. ఒక పాటకు సడలిస్తే పది పాటలకు సడలించాలి, అప్పుడు ఒకటో నంబరుకు అర్థం ఉండదు. బయట నిలబడ్డ పాటలకు వేరే దారి ఉంది. ఏరువాక పాట బాణీని కార్యక్రమం మొదట్లో సిగ్నేచర్ ట్యూన్‌గా వాడుకోవచ్చు. ఘటోత్కచుడి పాటను అరగంట దగ్గర 'పోటీలో లేని పాట' అని చెప్పి ఒక చరణం వినిపించవచ్చు. శ్రోతకు కావలసింది దొరుకుతుంది, నియమమూ నిలబడుతుంది.

ఓట్ల లెక్క

పాత అమ్మకాల లెక్కలు మన చేతికి రావు కాబట్టి శ్రోతల ఓటే గతి. ఒక్కొక్కరినీ ఒక్క పాట అడిగితే అందరికీ తెలిసిన ఒకటి రెండు పాటలకే అన్నీ పడతాయి. మూడు పాటలు వరుసగా చెప్పమనాలి. మొదటిదానికి మూడు మార్కులు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి. ఒక పాటను నలభై మంది మొదటిదిగా రాశారనుకుందాం, దానికి 120. ఇంకో పాటను పదిమంది మొదట, యాభైమంది రెండో చోట రాశారు, దానికి 130. ఎక్కువ ఇళ్లలో ఇష్టమున్న పాట పైకి వచ్చింది. మార్కులు సమానమైతే మొదటి ఓట్లు ఎక్కువున్నది గెలుస్తుంది.

ఇంకో చిక్కు ఊళ్లది. తెనాలి పట్నం. అక్కడి ఓట్లన్నీ ఒక కుప్పలో పోస్తే వాడరేవు, నిజాంపట్నం ఒడ్డున వల బాగుచేసుకునేవాళ్ల చీటీలు అడుగున పడిపోతాయి. ఊరి వారీగా విడివిడిగా లెక్కగట్టి, ఆ స్థానాలు కలిపి తుది వరుస తేల్చాలి. తెనాలిలో మొదటిది, రేపల్లెలో నాలుగోది అయిన పాట గురించి చెబితే అదే ఒక ముచ్చట. చీటీ మీద వయసు కూడా రాయించుకుంటే అరవై దాటినవాళ్ల పాట ఏది, ఇరవై ఏళ్లవాళ్ల పాట ఏది అన్నది ఇంకో ముచ్చట. లెక్కలోంచే స్క్రిప్టు పుడుతుంది.

గంటలో ఏముంటుంది

ఏ నిమిషంలో ఏముంటుందో చెప్పే క్యూ షీటు రాసుకోకుండా స్టూడియోలోకి వెళ్లకూడదు. పది పాటలు, ఒక్కోటి సగటున మూడున్నర నిమిషాలు అంటే 35 నిమిషాలు. ఆరంభానికి, ముగింపుకు చెరి రెండేసి, అంటే 4. ఒక్కో పాటకు మాటలు ఒక్కో నిమిషం చొప్పున 10. శ్రోతల గొంతులకు 5, ప్రకటనలకు 5. మిగిలిన ఒక నిమిషం ఇప్పటిదాకా వచ్చిన నంబర్లు తిరిగి చదవడానికి. మధ్యలో రేడియో పెట్టినవాడికి ఆ నిమిషమే దారి చూపిస్తుంది. ఈ 60లో పోటీలో లేని పాటకు చోటు కావాలంటే ఏదో ఒక పాటలో చరణం కోయాలి. కోసేది పదో స్థానం వైపునుంచి. మొదటి మూడు స్థానాల పాటలు మాత్రం పూర్తిగా వేయాలి, మీదికొచ్చేకొద్దీ నిడివి పెరగాలి.

వరుస ఓట్లు నిర్ణయించాయి కాబట్టి అనౌన్సర్ చేతిలో లేదు. రెండు హుషారు పాటలు పక్కపక్కనే పడవచ్చు. వాటి మధ్య తేడా చూపించాల్సింది మాటే.

మాట ఎలా ఉండాలి

రెండు సంప్రదాయాలున్నాయి. ఆకాశవాణిది ఒకటి: పాటకు ముందు చిత్రం, రచన, సంగీతం, గానం నాలుగూ చెప్పి తప్పుకోవడం. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ విన్నవాళ్లకు ఆ వరుస కంఠతా వచ్చు. 1970 జులై 4న అమెరికాలో మొదలైన 'అమెరికన్ టాప్ 40' అనౌన్సర్ కేసీ కేసమ్‌ది రెండోది. పాట పేరు దాచిపెట్టి, ముందు దాని వెనక కథ చెప్పి, ఊరించి, ఆ తరవాతే పాట వదలడం. మంచి ప్రత్యేక కార్యక్రమానికి రెండూ కావాలి. ముందు ఊరింపు, పాట అయ్యాక నాలుగు పేర్లూ. పేకాట పాటకు ముందు చెప్పే మాట ఇలా ఉండొచ్చు:

"నాలుగో స్థానం. 1962. పేకముక్కలు పట్టినవాడి గొప్పలూ, జేబు ఖాళీ అయ్యాక ఏడుపూ ఒకే పాటలో. రాసినాయనది మన అప్పికట్ల. పాడినవాళ్లలో ఒకాయనది మన బ్రాహ్మణకోడూరు, ఇంకొకాయనకు ఊరి పేరే ఇంటిపేరు. పాట ఏమిటో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది."

పాట అయ్యాక: "చిత్రం కులగోత్రాలు. రచన కొసరాజు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. గానం మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు."

ఇంతే. విశేషణాలు లేవు. "అద్భుతమైన, అజరామరమైన" అని పది పాటలకూ అంటే ఏ పాటకూ అననట్టే. ఒక్కో పాటకు ఒక్క కబురు చాలు, అది మాత్రం నిజమై ఉండాలి. ఎక్కడో విన్న కథ, ఎవరో చెప్పిన పందెం, అలిగి వెళ్లిపోయారన్న పుకారు వద్దు. గంటలో ఒక్క అబద్ధం దొర్లినా తరవాతి నంబర్లను శ్రోత నమ్మడు. సయానీ మాటల్లో మర్యాద ఉండేది, సొంత ఇంటి చనువూ ఉండేది. 'బహనో ఔర్ భాయియో' అన్న పిలుపు అందుకే నిలిచింది. మన దగ్గర ఆ పని 'అమ్మా, అయ్యా' చేస్తాయి. పొద్దస్తమానం 'హాయ్ ఫ్రెండ్స్' అననక్కర్లేదు.

ప్రైవేటు ఎఫ్‌ఎంలలో పాట ముందు వాద్యం మీద మాట్లాడి, గొంతు అందుకునే లోపల ఆపడం ఒక విద్య. చేతనైతే బాగుంటుంది. కానీ ఈ పాటల్లో ఆ వాద్యంలోనే సగం చమత్కారం ఉంటుంది, దాన్ని మింగేయకూడదు.

ధ్వని, అనుమతి

అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు సుమారు మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు. అందుకని సినిమాలో ఉన్న పాటా, రికార్డు మీది పాటా ఒక్కటే అయి ఉండకపోవచ్చు. ఏది వేస్తున్నామో ముందే తేల్చుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే పాత పాటల్లో వేగం తేడా వచ్చి గొంతు సన్నబడినవి ఉంటాయి. మాధవపెద్ది గొంతు సన్నబడితే ఆయన పాట కానట్టే. కంపెనీ విడుదల చేసిన ప్రతి వాడాలి. పాటకు హక్కుదారులుంటారు, ప్రసారానికి అనుమతి తీసుకుని రుసుము కట్టాలి. ఇది చివర్లో గుర్తొచ్చే పని కాకూడదు.

దీని విలువ

ఇంత శ్రమ ఎందుకంటే, ఇప్పుడు ఫోను తెరిస్తే ఏ పాటైనా వస్తుంది, రాసినవారి పేరు మాత్రం చాలాసార్లు రాదు. పాట ముందు హీరో పేరుంటుంది, సినిమా పేరుంటుంది. అప్పికట్ల రైతు మాట తెరమీదికి ఎలా ఎక్కిందో, 1939లో 'రైతుబిడ్డ'కు పాటలు రాసిన మనిషి పాతికేళ్ల తరవాత సిగరెట్టు మీద ఎలా నవ్వించాడో చెప్పడానికి అందులో చోటు లేదు. కౌంట్‌డౌన్ శ్రోతను కాసేపు ఆపుతుంది. ఆ ఆగిన నిమిషంలో కవి పేరు, సంగీత దర్శకుడి పేరు, రెండో గాయకుడి పేరు చెవిన పడతాయి. మన జిల్లాల్లో ఎవరికి ఏ పాట ఇష్టమో ఒక లెక్క కూడా మిగులుతుంది. అరవై ఏళ్ల కిందట అలాంటి పట్టీ ఎవరైనా వేసి ఉంటే ఇవాళ మనకు ఎంత పనికొచ్చేదో.

దీనికి పెద్ద స్టేషనే ఉండాలని లేదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. బాపట్ల, తెనాలి కాలేజీల పిల్లలు ఒక ఫోను, ఓట్ల చీటీలు, నాలుగు వారాల ఓపిక ఉంటే కొసరాజు–మాధవపెద్ది గంట తయారుచేయగలరు. చేసి ఆకాశవాణికి పంపండి, దగ్గర్లో కమ్యూనిటీ రేడియో ఉంటే అక్కడ వినిపించండి. ఒక్క మాట: ఏ పాటకు ఎన్ని మార్కులొచ్చాయో ఆ కాగితం పారేయకండి, ఎవరడిగినా చూపించండి. అది చూపించలేనివాళ్లు కౌంట్‌డౌన్ చేయకూడదు.